రాయల్ సొసైటీ గౌరవము - మన యింటి నీటితొట్టి

లండనులో 1660వ సంవత్సరమున స్థాపింపబడిన రాయల్ సొసైటీ యను విద్వత్సభలో సభ్యత్వమును శాస్త్రజ్ఞులు గొప్ప గౌరవముగ నెంచుదురు. ఎవరి మాటనైనను మాటమాత్రముచే నమ్మవలదనునది యా సభ యొక్క ముద్రావాక్యమునకు భావము. మన తార్కికులు శబ్దప్రమాణమును ప్రత్యక్షప్రమాణమును వేర్వేరుగ జెప్పిరి గదా. ఆ సభ ప్రత్యక్షమునకే పెద్దపీట వేసెను.

1901లో ఆ సభకు ఎన్నికైన రొనాల్డు రాస్ కీర్తికి మూలమైన కార్యము మన సికిందరాబాదులో జరిగినది. ఆయన 1857లో అల్మోరాలో జన్మించి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసున జేరిన వైద్యుడు. మలేరియా యనగా ఇటలీ భాషలో చెడుగాలి. చిత్తడినేలల దుర్వాయువే చలిజ్వరమునకు హేతువని లోకము శతాబ్దములతరబడి నమ్మెను. 1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు రోగి రక్తమున క్రిమిని గనుగొనెను. ఆ క్రిమిని దోమ మోయునని 1894లో రాస్‌నకు బోధించినవాడు పాట్రిక్ మాన్సన్. అయితే దోమ నీటబడి చచ్చుననియు, ఆ నీరు త్రాగినవారికి జ్వరము వచ్చుననియు ఆ గురువు తలంచెను. రాస్ గురువును గౌరవించెను గాని ఆయన మాటతో నాగలేదు. అట్టి నీటిని మనుష్యులచే త్రావించి చూచెను. తగిన ఋజువు దొరకలేదు. పిదప దోమలనే పెంచి, కోసి, పరీక్షింపసాగెను.

1897 ఆగస్టులో హుస్సేన్ ఖాన్ అను రోగి, కుట్టిన దోమకొక అణా చొప్పున పుచ్చుకొని, తన దేహమును దోమల కప్పగించెను. 16వ తేదీన అతని రక్తము త్రాగిన చుక్కరెక్కల దోమను 20వ తేదీన కోసి చూడగా, దాని కడుపుగోడలో నల్లని రేణువులతో గూడిన క్రిమికణములు గనబడెను. మరుసటి యేడు కలకత్తాలో పక్షులపై పరిశోధించి, క్రిమి దోమ లాలాజలగ్రంథులకు జేరి కాటుచే సంక్రమించునని రాస్ నిరూపించెను. 1902లో నోబెల్ బహుమానము వచ్చెను. హుస్సేన్ ఖానునకు వచ్చినవి అణాలు మాత్రమే.

ఇక మన జిల్లా సంగతి. 1923 మొదలు 1931 వరకు మంజీరపై నిజాంసాగరము నిర్మింపబడెను. కాలువలు పారెను, చెరకు పెరిగెను, 1937లో బోధనులో చక్కెర కర్మాగారము వెలసెను. నీరు సిరిని దెచ్చినది. కాని ఊటనీరు గుంటలలో నిలిచినచోట దోమయు బెరుగును. పల్లెలలో జ్వరము వచ్చినచో గాలి సోకినదను మాట నేటికిని వినబడుచున్నది. చదువుకొన్న మనము దానిని విని నవ్వుదుము. కాని దోమవలన మలేరియా వచ్చునని మనకెట్లు తెలియును? పుస్తకమున నున్నది గనుక నమ్మితిమి. ఇదియు శబ్దప్రమాణమే. అందుచేతనే పాఠము నోటికి వచ్చినను పెరటితొట్టి నిండియే యుండును.

చూచుట కష్టముగాదు. నిలువనీటిలో దోమపిల్లలు పురుగులవలె నాడుచుండును. నీటిమట్టమునకు సమముగ పరుండునది మలేరియా దోమజాతి పిల్ల. తోక పైకి, తల క్రిందికి వ్రేలాడునది వేరుజాతిది. మన యెండలలో గ్రుడ్డు రెక్కలదోమ యగుటకు ఇంచుమించు ఏడు మొదలు పది దినములు పట్టును. కావున వారమున కొకమారు తొట్టిని వంచి, తోమి, ఎండబెట్టినచో ఆ సంతతి తెగును. ఈ యాదివారము తొట్టి వంచుటకు ముందు పిల్లలను బిలిచి, ఆ పురుగులను వారి కన్నులతో జూడనిండు.