ఆదిలాబాదు కొండదారులు: చల్లారిన లావా చెప్పిన చరిత్ర

అగ్నిపర్వతమనగానే విద్యార్థుల మనస్సులో ఒక చిత్రము మెదలును. శంఖాకారపు కొండ, కొనపై పెద్ద బిలము, అందుండి ఎగయు పొగ, క్రిందికి జారు నిప్పుల ఏరు. ఇటలీలోని ఎట్నాపైన, హవాయి ద్వీపములోని కిలవేయాపైన నడకదారులు ఏర్పరచి, అపాయము లేని రోజులలో ప్రజలను పోనిచ్చుచున్నారు. మన దేశములో నేటికిని మండుచున్న అగ్నిపర్వతము ఒక్కటే. అది అండమాను సముద్రములోని బ్యారెన్ ద్వీపము. జనావాసము లేని ఆ ద్వీపమును పడవలో పోయి దూరమునుండి చూడవలసినదే.

అయితే మన తెలుగునేలలోనే లావాపై ఎంత దూరమైనను నడువగల ప్రదేశము కలదు. అచట పొగ లేదు, బిలము లేదు. లావా చల్లారి 6 కోట్ల 60 లక్షల సంవత్సరములైనది. అది పూర్వపు ఆదిలాబాదు జిల్లా. 2016లో ఆ జిల్లా ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాదు అను నాలుగు జిల్లాలుగా విడిపోయినది. అక్కడి కొండదారులలో నడచినవారి వలననే భూగర్భ శాస్త్రములోని ఒక పెద్ద చిక్కుముడి కొంత విడిపోయినది.

గోదావరికి దక్షిణమున కరీంనగరు ప్రాంతములో ఎక్కువగా కనబడునవి గ్రానైటు జాతి రాళ్ళు. ఏనుగుల గుంపు పడుకొన్నట్లు గుండ్రని బండలు పొలాల నడుమ నిలిచియుండును. వాటిని చీల్చుకొని అక్కడక్కడ నల్లని రాతికట్టలు గోడలవలె సాగిపోవును. ఇవి కూడ ఒకప్పుడు కరగిన ద్రవము నెర్రెలలో గడ్డకట్టగా ఏర్పడినవే. కాని ఇవి ఆదిలాబాదు లావాకంటె ఎంతో ప్రాచీనములు. నల్లరాళ్ళన్నియు ఒక్క కాలమునాటివి కావని విద్యార్థులు మొదటనే గుర్తించవలెను.

గోదావరి దాటి, నిర్మల్ మీదుగా ఉత్తరపు కొండలెక్కి ముందుకు పోయినకొద్దీ దృశ్యము మారును. గుండ్రని బండలకు బదులు బల్లపరుపు శిఖరములు, మెట్లు మెట్లుగా దిగు కొండచరియలు కనబడును. రాయి ముదురు నలుపు, బరువు ఎక్కువ. ఎండకు, వానకు అది ఉల్లిపాయవలె పొరలు పొరలుగా ఊడివచ్చును. రాతిలోని చిన్న గుల్లలలో తెల్లని స్ఫటికములు, కొన్నిచోట్ల అకీకురాళ్ళు ఉండును. ఆ గుల్లలు ఒకప్పుడు లావాలో చిక్కుకొన్న వాయువు బుడగలు. ఈ రాతికి బసాల్టు అని పేరు. స్వీడను భాషలో మెట్టును 'ట్రాప్పా' అందురు. మెట్లవలె అమరిన ఈ శిలలకు 'దక్కను ట్రాపులు' అను పేరు దానినుండియే వచ్చినది. ఈ రాయి శిథిలమైనందువలననే పత్తికి పేరుపొందిన నల్లరేగడి ఏర్పడినది.

బసాల్టు ఎట్లు పుట్టినది? నేడిది సులభమైన ప్రశ్న. పద్దెనిమిదవ శతాబ్దములో ఇదే పండితులను రెండు పక్షములుగా చీల్చినది. జర్మనీలోని ఫ్రైబెర్గు గనుల పాఠశాల ఆచార్యుడు వెర్నరు, ఇది ఆదిసముద్రపు నీటినుండి పేరుకొన్న రాయియని బోధించెను. ఫ్రాన్సు దేశస్థుడు దెమారే 1763లో ఒవేర్ను ప్రాంతమున కాలినడకన తిరిగి, బసాల్టు పొరల వెంబడి పోగా అవి ఆరిపోయిన అగ్నిపర్వతముల ముఖద్వారములకు చేరుచున్నవని కనుగొనెను. ఒకరు తరగతిలో వాదించినారు, మరియొకరు రాయి వెంట నడచినారు. చివరకు గెలిచినది నడకయే.

కాని దక్కనులో దెమారే పద్ధతి పారలేదు. రాయి వెంట ఎంత దూరము పోయినను ముఖద్వారము కనబడలేదు. కనుక ఇక్కడ వేరు సాక్ష్యము కావలసివచ్చినది.

ఆ సాక్ష్యము బయటపడిన దారి హైదరాబాదునుండి నాగపూరుకు పోవు పాతబాట. నేటి 44వ జాతీయ రహదారి చాలవరకు ఆ దిక్కుననే సాగుచున్నది. ఈ ప్రాంతపు దారులలో సైన్యములు, వర్తకుల బిడారులు నడచినవి. నిజామాబాదు జిల్లా కోనసముద్రములో తయారగు ఉక్కును కొనుటకు పర్షియా వర్తకులు సైతము వచ్చెడివారు. ఆ ఉక్కు తయారీని చూచి వ్రాసిపెట్టినవాడు హెన్రీ వాయిసీ. ఇతడు 1818లో మహా త్రికోణమితి సర్వేకు వైద్యుడుగా, భూగర్భ పరిశోధకుడుగా నియమితుడైనాడు.

ఆనాడు ఈ అడవులలో నడచుట ప్రాణములతో చెలగాటము. 1819లో కృష్ణా గోదావరుల నడుమ పనిచేసిన ఎవరెస్టు దళము అడవిజ్వరమున పడి హైదరాబాదుకు మరలినది. సర్వే అధిపతి లాంబ్టను 1823లో నాగపూరు పోవుచు దారిలో హింగనఘాటువద్ద మరణించెను. అదే సంవత్సరము ఏప్రిలులో వాయిసీ బేరారులోని గావిల్గఢ్ కొండలలో, లావా శిలల నడుమ శిలలుగా మారిన గుల్లలను కనుగొనెను. మరుసటి సంవత్సరమే కలకత్తా పోవు దారిలో అతడును మరణించెను. అతని వ్రాతలు కొన్ని మరణానంతరమే అచ్చయినవి.

వాయిసీ విడిచిన పనిని అందుకొన్నవాడు మద్రాసు సైన్యపు వైద్యుడు జాన్ గ్రాంట్ మాల్కంసను. నిర్మల్, ఆదిలాబాదు నడిమి కొండలను ఆనాటి ఆంగ్లేయులు సీచెల్ కొండలని వ్రాసినారు. ఆ కొండలలో బసాల్టు పొరలకు మధ్యనున్న గట్టి చెకుముకి వంటి రాతిలో అతడు నత్తగుల్లలను, నీటిమొక్కల విత్తులను సేకరించెను. ఆ వివరములను 1837లో లండను భూగర్భ శాస్త్రసంఘమునకు నివేదించగా, 1840లో అవి చిత్రములతో అచ్చయినవి. అందులో ఒక నత్తకు జేమ్స్ ప్రిన్సెపు పేరున 'ఫైసా ప్రిన్సెపీ' అని నామకరణము జరిగినది.

చిన్న నత్త గొప్ప సంగతి ఏమి చెప్పగలదని సందేహము కలుగవచ్చును. ఆ నత్త మంచినీటి చెరువులలో బ్రదుకు జాతి. కనుక ఆ పొర ఏర్పడినచోట సముద్రము లేదు, చెరువు ఉన్నది. చెరువు క్రింద లావా ఉన్నది, పైన మరల లావా ఉన్నది. అనగా ఒక ప్రవాహము వచ్చి చల్లారినది. దానిపై వాన కురిసి, గుంటలు నిండి, మొక్కలు మొలచి, నత్తలు తరతరములుగా పెరిగినవి. తరువాత మరియొక ప్రవాహము వాటిని కప్పివేసినది. అగ్ని ఒక్కసారి ఎగసి ఆరిపోలేదు, నడుమ దీర్ఘమైన విశ్రాంతి కాలములున్నవి. ఈ మధ్య పొరలనే నేడు 'అంతర్ ట్రాప్ పొరలు' అనుచున్నాము.

ఇక బిలమేది? ఐస్‌లాండులోని లాకి ఉదాహరణ దీనికి సమాధానము సూచించును. 1783లో అక్కడ సుమారు 27 కిలోమీటర్ల పొడవున నేల నెర్రె విచ్చినది. ఎనిమిది నెలలు లావా పొంగి దాదాపు 600 చదరపు కిలోమీటర్లను కప్పినది. విషవాయువులకు పశువులు చచ్చి, కరవు వచ్చి ఆ దేశ జనములో సుమారు ఐదవ వంతు నశించినది. దక్కను లావా ముఖ్యముగా ఇట్టి నెర్రెలనుండియే వచ్చినది. కాని దాని పరిమాణము ఊహకందనిది. కోతకు పోగా నేడు మిగిలినదే సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. పడమటి కనుమలలో దీని మందము వేయి మీటర్లకు పైమాటే. తూర్పుకు వచ్చుకొలది పలుచబడును, ఆదిలాబాదు దాని అంచు. ఇంకను దూరమున, రాజమహేంద్రవరముచెంత కాతేరు, పంగిడి, దుద్దుకూరులలో కనబడు బసాల్టు కూడ పాతనదీలోయల వెంట వందల కిలోమీటర్లు ప్రవహించి వచ్చిన దక్కను లావాయేనని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు.

ఈ లావా వయస్సుపై వాదము వంద సంవత్సరములకు మించి సాగినది. నాగపూరులో నివసించిన స్టీఫెన్ హిస్లాపు 1860లో దీనిని తృతీయ యుగమునకు చెందినదిగా తలచెను. 1930 దశకములో బీర్బల్ సాహ్ని వృక్ష శిలాజముల ఆధారమున ఆ వైపే మొగ్గెను. అంతకుముందు యుగపు చివరిదని ఇతరులు వాదించినారు. 1980 దశకములో జి.వి.ఆర్. ప్రసాదు, అశోక్ సాహ్ని ఆసిఫాబాదు అంతర్ ట్రాప్ పొరలలో క్రెటేషియస్ యుగాంతమునాటి సూక్ష్మమైన వెన్నెముక జీవుల అవశేషములను వర్ణించినారు. వారే 1988లో వికారాబాదు సమీపమున నస్కల్‌లో దొరికిన చుంచెలుకంత క్షీరదపు దంతములను ప్రకటించి, దానికి 'దక్కనోలెస్టిస్ హిస్లాపీ' అని పేరిడినారు. క్రెటేషియస్ యుగపు క్షీరదము మన దేశములో దొరకుట అదే ప్రథమము. రేడియోధార్మిక పద్ధతులు కూడ లావాలో అధికభాగము 6.6 కోట్ల సంవత్సరముల ప్రాంతమున, సుమారు పది లక్షల సంవత్సరములలోనే వెలువడినదని తేల్చినవి. రాక్షసబల్లులు అంతరించినదియు ఆ కాలముననే. మెక్సికో తీరమున పడిన ఉల్క ముఖ్యకారణమా, ఈ లావా విడిచిన వాయువుల పాత్ర ఎంత అను చర్చ నేటికిని సాగుచున్నది.

ఈ చరిత్రలో పేర్లు మిగిలినవారు కొద్దిమందియే. దారి చూపినవారు, మూటలు మోసినవారు, జ్వరములో దొరలతోపాటు పడిపోయిన కూలీలు పుస్తకములకెక్కలేదు. శాస్త్రజ్ఞులు రాకముందే కొలాములు, గోండులు ఈ కొండదారులెరుగుదురు. జోడేఘాట్ కొండలలో 1940లో కుమురం భీం ప్రాణములొడ్డి పోరాడినది ఈ అడవికొరకు, ఈ నేలకొరకే.

ఉపాధ్యాయులు విద్యార్థులను ఈ దారులలో నడిపించిన, ఖర్చు లేని ప్రయోగశాల దొరకును. దారిలో పడియున్న బసాల్టు ముక్కను పొడిచేసి అయస్కాంతము చూపవలెను. అంటుకొను నల్లని రేణువులు లావాలోని ఇనుప ఖనిజము. గుల్లలలోని తెల్లని పదార్థముపై సజల హైడ్రోక్లోరికామ్లము చుక్క వేయవలెను. బాగుగా పొంగినచో అది కాల్సైటు, పొంగనిచో వేరు స్ఫటికము. రెండు నల్లపొరల నడుమ లేతరంగు గట్టిరాయి కనబడినచో దానిని పగులగొట్టక, ఎచటనున్నదో, ఏ పొరకు పైన, ఏ పొరకు క్రింద ఉన్నదో బొమ్మ గీసికొనవలెను. స్థానము తెలియని శిలాజము చిరునామా చిరిగిన ఉత్తరము వంటిది. మాల్కంసను నత్త విలువ అది నత్త అగుటలో లేదు, రెండు లావాల నడుమ దొరకుటలోనున్నది.