డ్రెస్డెన్ ఎప్పుడు కూలింది

జర్మనీలోని డ్రెస్డెన్ చూడబోయినవాళ్ల కళ్లు ముందుగా వెతికేది ఫ్రావెన్‌కిర్షె చర్చి గోపురాన్నే. దాన్ని రూపొందించిన వాస్తుశిల్పి గేయోర్గ్ బేర్ పని పూర్తికాకుండానే 1738లో కన్నుమూశాడు. 1743కి నిర్మాణం ముగిసింది. ఏడేళ్ల యుద్ధంలో ప్రష్యా ఫిరంగులకు కూడా ఆ రాతి గోపురం చెక్కుచెదరలేదు.

1945 ఫిబ్రవరి 13 రాత్రి బ్రిటిష్ విమానాలు, మర్నాడు అమెరికన్ విమానాలు ఊరి మీద బాంబులు కురిపించాయి. పాతికవేల మంది దాకా చనిపోయారు. చుట్టూ అంతా బూడిదైనా చర్చి నిలిచే ఉంది. కానీ లోపల మంటల వేడికి ఇసుకరాతి స్తంభాలు సత్తువ కోల్పోయాయి. 15వ తేదీ ఉదయం పది గంటల వేళ అంత బరువూ నేలకూలింది.

ఆ చావులకు కన్నీళ్లు పెట్టని మనిషి ఉండడు. అయినా డ్రెస్డెన్ పతనం ఆ రాత్రే మొదలైందంటే నేను ఒప్పుకోను.

చర్చి నుంచి కాస్త దూరంలో, ఎల్బే నది ఒడ్డున యూదుల ప్రార్థనామందిరం ఉండేది. ఆ ఊరి ఒపేరా భవనాన్ని కట్టిన గోట్‌ఫ్రీడ్ సెంపరే 1840లో దాన్నీ పూర్తిచేశాడు. 1938 నవంబర్ 9 రాత్రి నాజీలు దానికి నిప్పుపెట్టారు. ఆ రాత్రి ఆకాశంలో శత్రు విమానం ఒక్కటీ లేదు. నిప్పుపెట్టిన చేతులు సొంత దేశానివే. మిగిలిన గోడల్ని కూడా తర్వాత పడగొట్టేశారు. ఆల్ఫ్రెడ్ నొయిగెబావర్ అనే అగ్నిమాపక ఉద్యోగి మాత్రం మందిరం పైనున్న దావీదు నక్షత్రాన్ని దాచి కాపాడాడు. ఆ రోజుల్లో అదెంత సాహసమో!

ఆ తర్వాతి ఏళ్లలో డ్రెస్డెన్ యూదుల్ని విడతలు విడతలుగా నాజీ శిబిరాలకు తరలించారు. 1945 ఫిబ్రవరి 13న, మిగిలిన కొద్దిమందికి తరలింపు ఉత్తర్వులు ఇంటింటికీ అందజేసే పని యూదు పండితుడు విక్టర్ క్లెంపరర్ మీద పడింది. ఆ రాత్రే బాంబులు పడ్డాయి. ఆ గందరగోళంలో భార్య ఎవా యూదులు తప్పక ధరించాల్సిన పసుపుపచ్చ నక్షత్రాన్ని ఆయన కోటు మీంచి చాకుతో కోసేసింది. ఇద్దరూ తప్పించుకున్నారు. వేల ప్రాణాలు తీసిన మంటే ఆయనకు ప్రాణభిక్ష అయింది. ఒక ఊరు తన మనిషికి ఇంతకంటే ఘోరమైన స్థితి తెచ్చిపెట్టగలదా?

శిథిలాల్లోని నల్లబడిన రాళ్లను కూడా కలిపి ఫ్రావెన్‌కిర్షెను మళ్లీ కట్టారు. 2005లో దాని తలుపులు తెరుచుకున్నాయి. సెంపర్ మందిరం మాత్రం తిరిగి లేవలేదు. దాని చోట 2001 నవంబర్ 9న కొత్త మందిరం వెలిసింది. డ్రెస్డెన్ వెళ్తే చర్చి దగ్గరే ఆగిపోకండి. నది వెంట ఇంకాస్త నడవండి. కొత్త మందిరం గుమ్మం పైన నొయిగెబావర్ కాపాడిన నక్షత్రం ఉంటుంది, చూసి రండి.