కాశీబుగ్గకు లినక్స్ మీద వచ్చిన ఉత్తరాలు

శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానంలో దూరదేశపు కబురు కోసం చూడని ఇల్లు లేదు. మా తాతల కాలంలో రంగూన్ వెళ్లినవాళ్లు, ఖరగ్‌పూర్ రైల్వే కర్మాగారంలోనూ కలకత్తా జనపనార మిల్లుల్లోనూ కుదిరినవాళ్లు ఊరూరా ఉండేవారు. వాళ్ల దగ్గర్నుంచి వచ్చిన కాగితాలను చదివించుకుని, కమ్మికి గుచ్చి దూలానికి వేలాడదీసేవారు. ఇంటికొచ్చిన ఉత్తరం ఇంట్లోనే ఉండాలి. కాశీబుగ్గలో ఇంటర్నెట్ సెంటర్ నడిపిన నేను, లినక్స్‌లో ఏ మెయిల్ ప్రోగ్రాం వాడాలని ఎవరడిగినా ఈ అలవాటు నుంచే మాట మొదలుపెడతాను.

మన దేశంలో జనానికి ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ ద్వారా. చవకగా దొరికేది షెల్ అకౌంటు: తెర నిండా అక్షరాలే, బొమ్మలుండవు. అందులో ఉత్తరాలకు పైన్ ఉండేది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు 1989లో మొదలుపెట్టిన ప్రోగ్రాం అది. ఏ పనికి ఏ మీట నొక్కాలో తెర అడుగునే రాసి ఉండేది కాబట్టి కొత్తవాడికి బెరుకు పోయేది. పైన్ అలవాటైనవాడు లినక్స్‌కి మారినా చేతికి అదే దొరికేది. 1995లో వచ్చిన మట్ ఇంకా సత్తా ఉన్నదే గానీ, సెట్టింగులన్నీ ఫైల్లో చేత్తో రాసుకోవాలి.

పైన్‌లో తెలుగు లిపి లేదు. రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్టీఎస్ పద్ధతి తెచ్చారు, అమెరికా తెలుగువాళ్లు దాంతోనే సాహిత్య చర్చలు నడిపారు. కానీ జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్లు మా సెంటర్‌కొచ్చి “మా వోడు ఏటి రాసినాడు బాబూ?” అని అడిగేవారు. వాళ్లలో తెలుగు చక్కగా చదవగలిగినవాళ్లున్నారు. కొడుకు ఉత్తరాన్ని తల్లికి నేను చదివి వినిపించాల్సి రావడం నాకు బాధగా ఉండేది. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉన్నా, తెర మీదికి రావడానికి ఏళ్లు పట్టింది. మొజిల్లా వాళ్ల మెయిల్ ప్రోగ్రాం థండర్‌బర్డ్‌లో తొలినాళ్లలో వత్తులు ఊడి పక్కన పడేవి. అక్షరాలు పేర్చడానికి గ్నోమ్ డెస్క్‌టాప్ వాళ్ల పాంగోను వాడే ఎవల్యూషన్ అనే మెయిల్ ప్రోగ్రాంలో, దేశికాచారి గారి పోతన ఫాంటు పెడితే, అక్షరం అక్షరంలా కనిపించేది. పాత కంప్యూటర్ మీద ఎవల్యూషన్ బరువే. అయినా తెలుగు కోసం అదే పెట్టాను.

డయల్ అప్ రోజుల్లో నిమిషానికింత ఖర్చు. లైను కలిపి, ఉత్తరాలు దించుకుని, లైను తెంపేసి తీరిగ్గా చదువుకోవాలి. అందుకు ఉత్తరాలను మన కంప్యూటర్లోకి దించే పాప్ పద్ధతి కావాలి. యాహూ 2002లో ఉచిత పాప్ ఆపేసింది. జీమెయిల్ 2004 చివర్లో ఇచ్చింది. మా బోటి ఊళ్లలో మెయిల్ ప్రోగ్రాంకి పని దొరికింది అప్పుడే. ఆ ఏడాదే ఉబుంటు అనే లినక్స్ వచ్చింది, థండర్‌బర్డ్ 1.0 కూడా. ఉబుంటు సీడీలు అడిగినవాళ్లకు పోస్టులో ఉచితంగా పంపేవారు. ఉబుంటులో ముందు నుంచీ ఎవల్యూషనే ఉండేది, 2011 అక్టోబరులో ఆ చోటు థండర్‌బర్డ్‌కి ఇచ్చారు. అప్పటికి వత్తుల బాధా తీరింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, కరెంటూ ఫోన్లూ పోయాయి. జనరేటరు దగ్గర ల్యాప్‌టాప్ చార్జింగ్ చేసుకుని థండర్‌బర్డ్ తెరిస్తే, బ్యాంకు ఉత్తరాలు, సరుకు బిల్లులు అన్నీ ఉన్నాయి. ఉత్తరాలను సర్వర్లోనే ఉంచే ఐమ్యాప్ పద్ధతి పెట్టుకున్నా థండర్‌బర్డ్ ప్రతి ఉత్తరానికీ నకలు డిస్కులో దాస్తుంది, అడగకుండానే. బ్రౌజర్లో మెయిల్ చూసుకునేవాళ్లకు ఆ రోజుల్లో ఒక్క ముక్కా దొరకలేదు.

కాబట్టి ఈ రోజు లినక్స్‌కి కొత్తగా వచ్చినవాళ్లకి నేను థండర్‌బర్డే చెబుతాను. అది ఉత్తరాలను మామూలుగా ఎంబాక్స్ పద్ధతిలో దాస్తుంది. ఎవల్యూషన్, కేమెయిల్, మట్ కూడా దాన్ని చదవగలవు. రేపు నచ్చకపోతే ఉత్తరాలతో సహా మారిపోవచ్చు. ఉత్తరాలుండే ప్రొఫైల్ ఫోల్డర్‌ని నెలకోసారి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి, తుఫాన్ల నెలలు రాకముందే.