మొక్కు ఎవరిది? మూల్యం ఎవరిది?
సత్యవేడు ప్రాంతపు మాతమ్మ ఆచారం – మతము, సమాజము: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

సమాజంలో మతం చేసే పని ఏమిటి? ఈ ప్రశ్నను వేదాంత విద్యార్థి దేవుని తట్టునుండి అడుగుతాడు. సమాజశాస్త్రవేత్త మనుష్యుల తట్టునుండి అడుగుతాడు. ఒక విశ్వాసం సత్యమా కాదా అని అతడు తీర్పు చెప్పడు. ఆ విశ్వాసం వలన ఊరిలో ఎవరు ఎవరితో కలుస్తున్నారు, ఎవరు ఎవరికి లోబడుతున్నారు, ఎవరికి మేలు కలుగుతున్నది అని చూస్తాడు. ఈ చూపు సంఘకాపరికి శత్రువు కాదు. ప్రకటించే ముందు వినడం నేర్పే సాధనం అది.

సమాజశాస్త్ర గ్రంథాలలో ఇచ్చే ఉదాహరణలు ఎక్కువగా ఆస్ట్రేలియా, ఐరోపా, ఆఫ్రికా దేశాలవి. మన పరిచర్య జరిగే చోటనే ఒక ఉదాహరణను పరిశీలించి, మతము సమాజాన్ని కలిపి ఉంచునప్పుడు ఆ ఐక్యతకు మూల్యం చెల్లించేది ఎవరు అన్న ప్రశ్నను పాఠకుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. ప్రాంతము, ప్రజలు

సత్యవేడు నేడు తిరుపతి జిల్లాలో ఉన్నది. 2022 ఏప్రిల్ వరకు అది చిత్తూరు జిల్లాలోనిది. 1960 ఏప్రిల్ 1కి ముందు ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోని చెంగల్పట్టు జిల్లాకు చెందినది. 1959 నాటి సరిహద్దుల మార్పు చట్టం ప్రకారం తిరుత్తణి మద్రాసుకు పోగా, సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. ఇక్కడి ప్రజలు తెలుగు, తమిళం రెండూ ఎరుగుదురు. బంధుత్వాలు, జాతరలు, మొక్కులు సరిహద్దు రేఖకు ఇరువైపులా సాగుతాయి.

ఆ రేఖకు ఇరువైపులా కనబడిన ఆచారాలలో ఒకటి మాతమ్మ. మాదిగ, అరుంధతీయ కుటుంబాలలో ఆడబిడ్డకు జబ్బు చేస్తే, బిడ్డ బ్రతికితే నీకే ఇస్తామని తల్లిదండ్రులు మాతమ్మ దేవతకు మొక్కుకొంటారు. నయమైన పిమ్మట గుడి దగ్గర ఆ పిల్లకు దేవత పేరట తాళి కడతారు. అప్పటినుండి ఆమె కూడా "మాతమ్మ"యే. జాతరలలో ఆమె ఆడవలసి ఉంటుంది. ఆమె మరొకరిని పెండ్లాడరాదు. దేవత భార్యగా గౌరవింపబడిన ఆమె, ఊరి పురుషుల దృష్టిలో ఎవరి భార్యా కానందున దోపిడికి గురవుతుంది. ఆమె పిల్లలకు తండ్రి పేరు ఉండదు.

2. చరిత్రలో మాతంగి

ఈ ఆచారానికి దగ్గరి పోలిక గల మాతంగి సంప్రదాయాన్ని వ్రాసి ఉంచినవారిలో మిషనరీలు ముఖ్యులు. ఒంగోలులో సేవ చేసిన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ, మాదిగల జీవితంపై 1899లో ప్రచురించిన పుస్తకంలో మాతంగి గురించి వ్రాసింది. సామాజిక సువార్తకు పేరొందిన వాల్టర్ రౌషెన్‌బుష్‌కు ఈమె సహోదరి. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాల గ్రంథంలోను, మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ 1916లో గ్రామదేవతలపై ప్రచురించిన గ్రంథంలోను ఇటువంటి ఆచారాల వివరాలు ఉన్నాయి.

ఆ వర్ణనలలో ఒక విషయం మనలను ఆపుతుంది. ఉత్సవ దినాన మాతంగి పూనకంతో ఊరిలో తిరుగుతూ, అగ్రకులాలవారిని సైతం తిట్టి, వారిపై ఉమ్మివేస్తుంది. ఆ ఉమ్మి మైల తీయునని నమ్మి వారు దానిని స్వీకరిస్తారు. మామూలు రోజులలో ఆమె నీడను కూడా దూరంగా ఉంచేవారు ఆ ఒక్క దినాన ఆమె ఎదుట తల వంచుతారు. మరుసటి దినాన అంతా యథాప్రకారం.

3. నాలుగు దృక్పథాలు

ఎమిల్ దుర్ఖేమ్ 1912 నాటి గ్రంథంలో, మతాచారం ప్రజలను ఒక్కచోట కూర్చి వారిని ఒక సమాజంగా నిలుపుతుందని చూపాడు. మాతమ్మ జాతర ఈ మాటకు సరిపోతుంది. ఊరంతా తరలివస్తుంది, జబ్బు చేసిన ఇంటి భయం ఊరందరి భయమవుతుంది. వైద్యుడు, మందు అందని కాలంలో మొక్కు ఒక్కటే పేదవాని చేతిలో ఉన్న ఉపాయం. దీనిని అజ్ఞానమని కొట్టివేసేవాడు ఆ తల్లి కన్నీటిని చూడనివాడు.

కారల్ మార్క్సు 1844లో వ్రాసిన వ్యాసంలో, మతం బాధకు వ్యక్తీకరణ అని, ఆ బాధకు మత్తు కూడా అని భావించాడు. మాతమ్మ విషయంలో ఈ రెండు సగాలూ నిజమే. మొక్కు తల్లి బాధను చెబుతుంది. కాని బిడ్డను జబ్బుపరచిన పేదరికాన్ని, ఊరి వెలుపల వాడను, కులకట్టుబాటును అది తాకదు.

మానవశాస్త్రవేత్త మాక్స్ గ్లక్‌మన్ 1954లో ప్రచురించిన ప్రసంగంలో, ఆఫ్రికా తెగల పండుగలలో అధికారాన్ని ఎదిరించినట్లు కనబడే తంతులు చివరకు ఆ అధికారాన్నే బలపరుస్తాయని వాదించాడు. మాతంగి ఉమ్మి దీనికి మంచి ఉదాహరణ. ఏడాదికి ఒక దినం తలక్రిందులైన కులవ్యవస్థ మిగిలిన దినాలకు మరింత స్థిరపడుతుంది.

మాక్స్ వెబర్ మాత్రం 1904-05 నాటి తన వ్యాసాలలో మరొక వైపు చూపాడు. మతం ఉన్నదానిని కాపాడుటే కాదు, క్రొత్త నడవడిని పుట్టించి సమాజాన్ని మార్చగలదు కూడా. ఇది మనలను మిషను చరిత్రకు తెస్తుంది.

4. సువార్త తెచ్చిన మార్పు, ఆగిన చోటు

సత్యవేడుకు సమీపాన ఉన్న సూళ్లూరుపేటలో 1865లో జర్మనీ దేశపు హెర్మన్స్‌బర్గ్ మిషను పని ఆరంభించింది. ఆగస్ట్ మిలియస్ దాని మొదటి మిషనరీ. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఆ పని అమెరికా లూథరనుల చేతికి వచ్చి, కాలక్రమంలో దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘముగా రూపొందినది.

మాదిగలలో సామూహికంగా జరిగిన మార్పుకు స్పష్టమైన సాక్ష్యం మాత్రం ఉత్తరాన ఒంగోలులో ఉన్నది. అక్కడ జాన్ క్లౌ క్రొత్త విశ్వాసుల ముందు మూడు నియమాలు ఉంచాడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహారాధన చేయరాదు. పైకి ఇవి భక్తి నియమాలు. అయితే ఊరి వ్యవస్థలో మాదిగ పని ఎట్టిదో ఎరిగినవారికి వీటి బరువు తెలుస్తుంది. ఆదివారం పని మానినవాడు వెట్టిచాకిరికి ఎదురు చెప్పినవాడే. చచ్చిన పశువును ముట్టనివాడు తన అంటరానితనపు గుర్తును విడిచినవాడే. విగ్రహారాధన మానినవాడు గ్రామదేవత జాతరలో డప్పు కొట్టడు. కాబట్టి ఊరు ఊరకుండలేదు, విశ్వాసులను వేధించింది. అయినను 1876-78 కరువు గడచిన పిమ్మట, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

వెబర్ చెప్పిన క్రొత్త నడవడి ఇదే. కాని ఈ మార్పు ఆగిన చోటు కూడా చెప్పాలి. మాలపల్లె సంఘం వేరు, మాదిగపల్లె సంఘం వేరు అన్న మాట మన ఆంధ్ర సంఘాలలో వినబడని కాలం లేదు. పెండ్లి సంబంధాలలోను, సమాధి స్థలాలలోను బాప్తిస్మంకంటె కులమే పైచేయి అయిన సందర్భాలు ప్రతి కాపరి ఎరుగును. మన ఐక్యతకు కూడా ఎవరో ఒకరు మూల్యం చెల్లిస్తున్నారు.

5. చట్టము చేయగలిగినది

డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి మద్రాసు శాసనమండలిలో చేసిన కృషి వలన 1929లో దేవదాసీల ఇనాం భూములను గుడి సేవనుండి విడిపించే సవరణ వచ్చింది. 1947లో మద్రాసు ప్రభుత్వం అంకిత ఆచారాన్నే నిషేధించింది. అప్పటికి సత్యవేడు మద్రాసులోనిదే. ఆంధ్రప్రదేశ్ 1988లో మరొక నిషేధ చట్టం చేసింది. అయినను 2017లో జాతీయ మానవ హక్కుల కమిషన్ మాతమ్మ ఆచారం విషయమై ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాలకు నోటీసులు ఇవ్వవలసి వచ్చింది. సరిహద్దు మారింది, చట్టాలు మారాయి, వాడలో భయం మారలేదు.

చట్టమే అడ్డు నిలిచిన చోటు కూడా ఒకటున్నది. సత్యవేడు శాసనసభ స్థానం షెడ్యూల్డు కులాలకు కేటాయించబడినది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైనవారు ఆ జాబితాలో లెక్కింపబడరు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అందులో చోటు దొరికింది. సూసై అనే మద్రాసు చెప్పులు కుట్టే క్రైస్తవుడు వేసిన వ్యాజ్యాన్ని 1985లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అందుచేత మాతమ్మను విడిచి క్రీస్తునొద్దకు వచ్చే కుటుంబం దేవత భయాన్నే కాక, బిడ్డ చదువుకు దొరికే ఆసరాను కూడా విడువవలసి వస్తుంది. రికార్డులో ఒక పేరు, సంఘంలో ఒక పేరు గల విశ్వాసిని గద్దించే ముందు కాపరి దీనిని తలంచవలెను.

ముగింపు

న్యాయాధిపతుల గ్రంథం 11వ అధ్యాయంలో యెఫ్తా మొక్కుకొన్నాడు. జయం ఇశ్రాయేలు అంతటికి కలిగింది. మూల్యం చెల్లించినది అతని ఏకైక కుమార్తె, ఆమె పేరు కూడా మనకు తెలియదు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఫిలిప్పీలో సోదె చెప్పిన చిన్నది విడుదల పొందినప్పుడు, ఆమె యజమానులు తమ లాభము పోయెనని కోపగించారు. ఈ రెండు చోట్ల లేఖనం మన దృష్టిని మొక్కునుండి మనిషి మీదికి త్రిప్పుతుంది.

కాబట్టి మాతమ్మ వాడకు వెళ్ళే కాపరి దేవతను ఖండించే ప్రసంగంతో మొదలుపెట్టనక్కర లేదు. జబ్బు చేసిన బిడ్డను ఆసుపత్రికి చేర్చునది ఎవరు? తండ్రి పేరు లేని పిల్లవానిని బడిలో చేర్చునది ఎవరు? తాళి తెంచుకొన్న స్త్రీ సంఘంలో ఏ వరుసలో కూర్చుంటుంది, ఆమె కుమార్తెను ఏ విశ్వాసి తన కోడలిగా తెచ్చుకొంటాడు? ఈ ప్రశ్నలకు సంఘం ఇచ్చే జవాబే సమాజంలో మన మతం చేసే పని.