మదరాసునుండి హైదరాబాదు ఎంత దూరము?

పూర్వము దారిన పోవువారిని ఫలాని ఊరెంత దూరమని అడిగినచో, ఇన్ని ఆమడలని చెప్పి ఊరకుండక, పొద్దు వాలునప్పటికి చేరుదురనియో, నడుమ ఒక రాత్రి ఆగవలెననియో చెప్పెడివారు. అడిగినవాని కక్కరకు వచ్చునది ఆ రెండవ లెక్కయే.

మదరాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసి లోకరీతి నెరిగిన ఏనుగుల వీరాస్వామయ్య ఈ లెక్కను ఎన్నడును మరువలేదు. 1830 మే 18వ తేదీన ఆయన పల్లకీ బోయీలతో, గుడారములతో, దాదాపు నూరుమంది పరివారముతో కాశీకి బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము మీదుగా హైదరాబాదు చేరుటకు వారములకు వారములు పట్టినది. నీరెక్కడ దొరకును, అంగళ్లెక్కడ నున్నవి, దిగుటకు ఏ చోటు అనుకూలమను వివరములతో నిండిన ఆ యాత్రాచరిత్ర చదువుచుండగా, దారి మనకు మైళ్లుగా గాక మజిలీలుగా కనబడును.

పిదప పొగబండి వచ్చి ఒక వింత చేసెను. మదరాసు ఇనుపదారి 1871లో రాయచూరు చేరినది; 1874లో వాడి అను ఊరినుండి సికిందరాబాదునకు రైలు వచ్చినది. ఆకాశమార్గమున సుమారు 320 మైళ్లే యున్న హైదరాబాదునకు, మదరాసువాడు పడమరగా గుంతకల్లు, రాయచూరు, వాడి చుట్టి 500 మైళ్లకు పైగా పోవలసి వచ్చెను. దూరము పెరిగినను కాలము తరుగుటచేత, నగరము దగ్గరయినదనియే తోచెను!

విమానమునకు సైతము మొదట మజిలీ తప్పలేదు. 1932 అక్టోబరు 15న కరాచీనుండి జె.ఆర్.డి. టాటా బొంబాయికి తెచ్చిన టపాను మదరాసునకు కొనిపోయిన నెవిల్ విన్సెంటు, బళ్లారిలో రాత్రి నిలిచి మరునాడు గాని గమ్యము చేరలేదు. 1945లో నిజాము ప్రభుత్వమును టాటాలును కలిసి స్థాపించిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేటనుండి నడపిన డకోటాలకు మదరాసు రెండు, రెండున్నర గంటల దారి. ఆ డకోటాకు చిన్నచక్రము తోకక్రింద నుండుటచేత, నేలమీద నిలిచినపుడు అది ముక్కెత్తి తోక వాల్చి యుండెడిది. వెనుకతలుపున ఎక్కినవాడు గుట్ట నెక్కినట్లు, కుర్చీల వీపులు పట్టుకొని తన చోటికి ఎగబ్రాకవలెను. పరుగు హెచ్చి తోక లేచిన పిమ్మటగాని కాళ్లక్రింది పలక చదును గాదు. నేటి విమానమునకు గంటంబావు చాలును గాని, విమానాశ్రయము చేరుటకును, అందలి తనిఖీ వరుసలలో నిలుచుటకును అంతకు మించిన కాలము పోవుచున్నది. దానిని ఎవరును ప్రయాణమున లెక్కింపరు.

వీరాస్వామయ్య కాశీకి పోవుచు దాటిన నాగపూరుననే, 1949 మొదలుకొని, ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మదరాసులనుండి వచ్చు టపా విమానములు నడిరేయి కలిసికొని, సంచులు మార్చుకొని, తెల్లవారకమునుపే మరల ఎగిరిపోయెడివి. ఆనాడు జాబునకు మదరాసునుండి ఢిల్లీ ఒక్కరాత్రి దూరము.