ఇంటీరియర్ డిజైన్‌లో పై చదువు: మార్కుల కన్నా ముందు బొమ్మలు

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. అమెరికాలో ఎం.ఎస్. చేసి, ఉద్యోగరీత్యా దోహాలోని అల్ సద్‌లో వుంటున్నాను. ఇంటీరియర్ డిజైన్ గురించి వీడు రాయడమేమిటని మీకు సందేహం రావచ్చు. మా ఆవిడ బి.కామ్. చదివింది. ఈ రంగంలో పీజీ చెయ్యాలని తన కోరిక. దారి చూపిస్తానని బయల్దేరిన నేను, నాకు తెలిసిన ఇంజనీరింగ్ దారే చూపించి తనకి ఒక ఏడాది పోగొట్టాను. మీ ఇంట్లో అలా జరక్కూడదని ఈ వ్యాసం.

నేను చేసిన పొరపాటు ఇదీ. జి.ఆర్.ఇ. పుస్తకాలు తెప్పించాను. యూనివర్సిటీల ర్యాంకులతో ఎక్సెల్ పట్టిక తయారుచేశాను. ఆఖరు తేదీ నెల రోజుల్లో వుందనగా తను అప్లికేషన్ మొత్తం చదివి, "ఏవండీ, వీళ్ళు మార్కులతో సరిపెట్టడం లేదు. ఏం గీశానో చూపించమంటున్నారు" అంది. అదే పోర్ట్‌ఫోలియో. మా దగ్గర ఒక్క కాగితం కూడా లేదు!

అసలు ఏం నేర్పుతారు?

కర్టెన్లు, కుషన్లు ఎంచడం అలంకరణ. ఇంటీరియర్ డిజైన్ అంటే గోడల లోపల మనిషి ఎలా నడుస్తాడు, వెలుగు ఎటునుంచి పడాలి, చక్రాల కుర్చీ ఎక్కడ తిరగగలదు, మంటలొస్తే ఎటు బయటపడాలి అని ఆలోచించి గీయడం. దోహాలోనే మంచి ఉదాహరణ వుంది. 2008లో తెరిచిన ఇస్లామిక్ కళా మ్యూజియం భవనాన్ని రూపొందించింది ఐ.ఎం. పేయ్. లోపలి గ్యాలరీలను తీర్చిదిద్దింది జాఁ-మిషెల్ విల్మోట్. భవనం ఒకరిది, లోపలి పని ఇంకొకరిది. ఒకసారి వెళ్ళి ఈ దృష్టితో చూడండి.

ఖతార్‌లో

అల్ సద్‌లో మెట్రో గోల్డ్ లైన్ ఎక్కి, ముషైరిబ్‌లో గ్రీన్ లైన్‌కి మారితే ఎడ్యుకేషన్ సిటీ వస్తుంది. వర్జీనియా కామన్వెల్త్ యూనివర్సిటీ కళల విభాగం 1998 నుంచి ఇక్కడ శాఖ నడుపుతోంది. మొదట్లో అమ్మాయిలకే ప్రవేశం వుండేది, తర్వాత అబ్బాయిలనీ చేర్చుకున్నారు. ఒక్క విషయం గమనించాలి. ఇక్కడ ఇంటీరియర్ డిజైన్ పేరుతో వున్నది బి.ఎఫ్.ఎ., అంటే డిగ్రీ చదువు. పీజీ స్థాయిలో వున్నది రెండేళ్ళ ఎం.ఎఫ్.ఎ. ఇన్ డిజైన్. అందులో రకరకాల డిజైన్ రంగాల వాళ్ళు కలిసి చదువుతారు.

ఇండియాలో

అహ్మదాబాద్‌లో రెండు పెద్ద సంస్థలున్నాయి. ఎన్.ఐ.డి.లో ఫర్నిచర్, ఇంటీరియర్ డిజైన్ కలిపి ఎం.డెస్. వుంది. దానికి సొంత ప్రవేశ పరీక్ష డి.ఎ.టి. సెప్ట్ యూనివర్సిటీలో ఇంటీరియర్ డిజైన్ బోధన 1991లో మొదలైంది. ఐ.ఐ.టి. హైదరాబాద్‌తో సహా పలు ఐ.ఐ.టి.ల ఎం.డెస్.కి సీడ్ పరీక్ష రాయాలి. దాన్ని ఐ.ఐ.టి. బొంబాయి నిర్వహిస్తుంది. ఇంటర్ తర్వాత కనీసం మూడేళ్ళ డిగ్రీ వుంటే చాలు, వయసు పరిమితి లేదు. కానీ పరీక్షలో ఒక భాగం కాగితం మీద బొమ్మలు గీయడమే. ఐ.ఐ.టి.ల ఎం.డెస్. ఇంటీరియర్ కోసమే పెట్టింది కాదని మాత్రం గుర్తుంచుకోండి.

అమెరికాలో

ఎం.ఎఫ్.ఎ., ఎం.ఎ., ఎం.ఎస్. అని రకరకాల పేర్లుంటాయి. పేరు కన్నా ముందు మూడు సంగతులు చూడండి. ఒకటి, వేరే డిగ్రీ వాళ్ళని చేర్చుకుంటారా, అలాంటి వాళ్ళకి అదనంగా సెమిస్టర్లు పడతాయా? రెండు, కోర్సుకి సి.ఐ.డి.ఎ. గుర్తింపు వుందా? వృత్తిలో స్థిరపడాలంటే ఎన్.సి.ఐ.డి.క్యు. పరీక్ష రాయాల్సి రావచ్చు. దానికి చదువుతోపాటు పని అనుభవం కూడా కావాలి. మూడు, డిగ్రీకి కేటాయించిన సి.ఐ.పి. కోడ్ ఏమిటి? మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి దొరికే 24 నెలల స్టెమ్ పొడిగింపు మామూలుగా ఇంటీరియర్ డిజైన్‌కి వర్తించదు. 12 నెలల ఓ.పి.టి. లెక్కతోనే అప్పు గురించి ఆలోచించండి.

పోర్ట్‌ఫోలియో ఎలా?

దీనికి కనీసం ఏడాది పెట్టుకోండి. సాఫ్ట్‌వేర్‌లో చేసిన నిగనిగలాడే త్రీడీ బొమ్మలొక్కటే చాలవు. కొలతలు, ప్లాను, నిలువుకోత, అట్టతో చేసిన నమూనా, కుదరక పక్కన పెట్టిన ప్రయత్నాలు కూడా వుండాలి. మీ ఆలోచన ఎలా నడిచిందో వాళ్ళకి కనబడాలి.

మా ఆవిడ మా ఫ్లాటుతోనే మొదలుపెట్టింది. వంటింట్లో ఫ్రిజ్ తలుపు తెరిస్తే రెండో మనిషి కదల్లేడు. బియ్యం సంచి బాల్కనీ దారికి అడ్డం. దేవుడి పటాలు బట్టల అలమరలో. నాలుగేళ్ళుగా చూస్తున్నా నాకు ఇవి సమస్యలని తోచలేదు. తను ఒక్కొక్కటీ కొలిచి, మూడు రకాల ప్లాన్లు గీసి, ఏది ఎందుకు కుదర్లేదో పక్కనే రాసింది.

చివరగా, తొందరపడి ఏ డిప్లొమాకీ డబ్బు కట్టకండి. అది డిగ్రీయా, సర్టిఫికెట్టా, దానితో తర్వాత ఎక్కడ చేరచ్చు అన్నది ముందే రాతపూర్వకంగా అడగండి. డిగ్రీ ఆపేసి మీతో వచ్చిన చెల్లెలు, బి.కామ్. చదివి ఇంట్లో వున్న భార్య మీకూ వుండచ్చు. వాళ్ళకి ర్యాంకుల పట్టిక కాదు, ఒక స్కెచ్ పుస్తకం, కొలిచే టేపు కొనిపెట్టండి.

ఈ ఏడాది మా ఆవిడ అప్లై చేస్తోంది. సీటు వస్తుందో రాదో తెలీదు. సాయంత్రాలు టేపు రెండో కొస మాత్రం నేను పట్టుకుంటున్నాను.