గది చల్లదనం ఎవరి చేతిలో ఉంది? మదురై సత్రం నుంచి హోటల్ రిమోట్ దాకా



ఈసారి రాత కొంచెం పొడుగు. రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా చదవండి. చివర్లో మన సంఘం సత్రం సంగతి ఉంది, అందుకని సగంలో వదిలేయకండి.

పోయిన కత్తెర ఎండల్లో దగ్గర బంధువుల పెళ్ళికని మేము కోయంబత్తూరు నుంచి మదురై వెళ్ళాం. పెళ్ళివారు ఒక హోటల్లో గదులు తీసిపెట్టారు. పేరెందుకు లెండి, పెద్ద హోటలే. మా అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు, ఆయాసం ఉంది. గదిలో కాలు పెట్టగానే చలి. గోడకున్న పెట్టెలో 18 అని కనిపిస్తోంది. మీట ఎంత నొక్కినా ఆ అంకె కదలదు. కింద అడిగితే, "అన్ని గదులకూ ఒకటే అమరిక సార్, ఇక్కడి నుంచే పెట్టేశాం" అన్నారు. కిటికీ తీద్దామంటే అద్దాన్ని బిగించేశారు. ఇంకో దుప్పటి పంపించారు, అంతే. బయట ఎండ మండిపోతుంటే, లోపల మా అమ్మ రెండు దుప్పట్లు కప్పుకుని వణికింది. అర్ధరాత్రి లేచి చూస్తే మంచం మీద లేదు. తలుపు బయట వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. "కన్నూ, సత్రంలో దిగి ఉంటే తిన్నె మీద హాయిగా పడుకునేదాన్ని కదరా" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. మరునాడు ముహూర్తం కాగానే ఊళ్ళోకి వెళ్ళాను. ఊరు కాని ఊళ్ళో రాత్రి గడపాల్సిన మనిషికి ఎండ నుంచి మన పెద్దవాళ్ళు ఏం ఏర్పాటు చేశారో చూద్దామనిపించింది. మదురైలో అది వెతకడం కష్టం కాదు. 1529లో విశ్వనాథ నాయకుడు వచ్చినప్పటి నుంచి రెండు వందల ఏళ్ళు ఆ ఊరిని ఏలింది తెలుగు మాట్లాడే నాయకరాజులు. వాళ్ళు కట్టినవి ఇంకా నిలిచే ఉన్నాయి.

మొదట మీనాక్షి గుడి తూర్పు గోపురం ఎదుట ఉన్న పుదుమండపం. తిరుమల నాయకుడు (1623–1659) కట్టించాడు. లోపలి స్తంభాల మీద విశ్వనాథుడి నుంచి తిరుమల నాయకుడి దాకా పదిమంది రాజుల నిలువెత్తు శిల్పాలున్నాయి. మనలో చాలామందికి ఆ చోటు పుస్తకాల అంగళ్ళతో, కుట్టు మిషన్ల చప్పుడుతో గుర్తు. కానీ దాని అసలు పేరు వసంత మండపం. వైశాఖంలో, ఎండలు ముదిరినప్పుడు, అమ్మవారూ స్వామీ వచ్చి సాయంత్రాలు సేదతీరడానికి కట్టిన విడిది అది. అందుకే చుట్టూ నీళ్ళు నిలిచేలా కాలువ తవ్వించారు. ఆ నీళ్ళ మీదుగా వచ్చిన గాలి చల్లబడి రాతి స్తంభాల మధ్యకు చేరుతుంది. ఇందులో మంత్రం లేదు. నీరు ఆవిరి కావడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచే లాక్కుంటుంది. మదురై ఎండ పొడి ఎండ కాబట్టి ఈ ఉపాయం పనిచేస్తుంది. చెమట ఆరని చెన్నై సముద్రపు గాలిలో ఇదే పని చేస్తే అంత ఫలితం ఉండదు. అంటే కట్టినవాళ్ళకు ఆ ఊరి గాలి గుణం బాగా తెలుసన్నమాట.

తరువాత మహల్. 1636లో తిరుమల నాయకుడు కట్టించుకున్న కోట ఇల్లు. ఇప్పుడు మనం చూసేది అందులో ఒక భాగమే. ఆయన మనవడు చొక్కనాథ నాయకుడు రాజధానిని తిరుచిరాపల్లికి మార్చుకున్నప్పుడు చాలా భాగం విప్పి తీసుకుపోయాడు. ఉన్నదాన్ని 1860ల చివర్లో మద్రాసు గవర్నరు నేపియర్ బాగుచేయించాడు. కత్తెర ఎండలో మిట్టమధ్యాహ్నం ఆ స్తంభాల వరుసలోకి అడుగుపెట్టి చూడండి. మధ్యలో ఆకాశానికి తెరిచిన పెద్ద ముంగిలి, చుట్టూ మందపాటి కట్టడం, అందనంత ఎత్తులో కప్పు. వేడిగాలి పైకి పోతుంది, మనిషి తిరిగే చోట చల్లగా ఉంటుంది. గోడలు పగలంతా వేడిని తాగుతాయి కానీ వెంటనే లోపలికి వదలవు.

ఇవి దేవుడికీ రాజుకీ. మరి దారిన పోయే మామూలు మనిషికో? అక్కడే మనం రాణి మంగమ్మను తలుచుకోవాలి. కొడుకు చిన్న వయసులోనే పోయాక, 1689 నుంచి సుమారు పదిహేనేళ్ళు మనవడు విజయరంగ చొక్కనాథుడి తరఫున రాజ్యం నడిపిన ఇల్లాలు. ఆమె పేరు చెప్పగానే దక్షిణాన జనం తలుచుకునేది యుద్ధాలను కాదు, దారులను. ఇప్పటికీ "మంగమ్మాళ్ సాలై" అనే పేరు చాలా ఊళ్ళలో వినిపిస్తుంది. దారి పొడుగునా చెట్లు, బావులు, చలివేంద్రాలు, సత్రాలు. మదురైలో ఆమె పేరుతో ఉన్న మంగమ్మ సత్రం ఇప్పటి రైల్వే స్టేషను ఎదుటే ఉంది. రైలు ఆ ఊరికి 1875లో వచ్చింది. సత్రం అప్పటికే అక్కడ ఉంది. ఆమె వేసవి విడిది అని చెప్పే తముక్కం మహల్లో 1959 నుంచి గాంధీ మ్యూజియం నడుస్తోంది. ఆ తముక్కం అనే పేరు మన "తమగము" నుంచే వచ్చిందని చెప్పేవాళ్ళు ఉన్నారు.

పాత సత్రంలో చల్లదనం ఎలా ఉండేదో మన పెద్దవాళ్ళకు చెప్పక్కర్లేదు. వీధి వైపు తిన్నె, లోపల నాలుగు పక్కలా వరండా, మధ్యలో ఆకాశం కనిపించే ముంగిలి, వెనక బావి, పైన మిద్దె. కోయంబత్తూరు పల్లెల్లో తొట్టికట్టు ఇల్లన్నా, ఆంధ్రాలో మండువా లోగిలి అన్నా ఇదే పద్ధతి. పొద్దున తిన్నె మీద, మధ్యాహ్నం లోపలి వరండాలో, సాయంత్రం ముంగిట్లో నీళ్ళు చల్లుకుని, రాత్రి మిద్దె మీద. కాస్త కలిగిన చోట గుమ్మానికి వట్టివేళ్ళ తడక కట్టి నీళ్ళు చల్లేవారు. గమనించండి, అక్కడ ఎవరూ గాలిని మార్చలేదు. మనిషే చోటు మార్చుకున్నాడు. చలి వేస్తే లోపలికి, ఉక్క పోస్తే బయటికి. పసిబిడ్డ తల్లికి ఒక చోటు, ఆయాసం ఉన్న ముసలమ్మకు ఇంకో చోటు. మా అమ్మ ఆ రాత్రి వరండాలో కూర్చుని చేసింది అదే.

ఇప్పుడు కోయంబత్తూరుకు వద్దాం. చల్లగాలి యంత్రం కథలో మన ఊరిది వేరే పాత్ర.

ఏసీ మొదట మనిషి సుఖం కోసం పుట్టలేదు. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసులో గాలి తేమకు కాగితం ఉబ్బి రంగులు పక్కకు జరుగుతుంటే, దాన్ని ఆపడానికి విల్లిస్ కారియర్ అనే కుర్ర ఇంజనీరు ఒక ఏర్పాటు గీశాడు. "ఎయిర్ కండిషనింగ్" అనే మాటను 1906లో పెట్టింది స్టువర్ట్ క్రేమర్, నూలు మిల్లుల ఇంజనీరు. నూలుకు తగినంత తేమ పట్టించడాన్ని మిల్లువాళ్ళు "కండిషనింగ్" అనేవారు. ఆ మాటనే గాలికి తగిలించాడు. పత్తి పోగుకు గాలిలో తేమ తగ్గిందంటే పోగు తెగుతుంది, దూది ఎగురుతుంది, మగ్గం ఆగుతుంది.

ఈ సంగతి మన వాళ్ళకు బాగా తెలుసు. 1888లో స్టేన్స్ దొర మిల్లుతో మొదలై, 1910లో జి. కుప్పుస్వామి నాయుడు గారి లక్ష్మీ మిల్స్, 1930ల మొదట్లో పైకారా కరెంటు వచ్చాక వరసగా లేచిన మిల్లులు... పాలక్కాడు కనుమ గుండా వచ్చే తేమ గాలి కోయంబత్తూరుకు ప్రకృతి ఇచ్చిన వరం. ఆ గాలి చాలని నెలల్లో మిల్లులో నీటి తుంపరలు చల్లి తేమను నిలిపేవారు. ఇళ్ళల్లో పంకా కూడా లేని రోజుల్లోనే మనవాళ్ళు గది గాలిని కొలిచి, సరిచూసి నడిపారు. అయితే అది నూలు కోసం. పనివాడు ఆ వేడిలో, ఆ ఉక్కలో ఎనిమిది గంటలు నిలబడ్డాడు. పోగు తెగకూడదు, మనిషి ఎట్లాగో ఓర్చుకుంటాడులే అన్నట్టు. మన ఇళ్ళల్లో తాతలు చాలామంది ఆ మిల్లుల్లో నిలబడినవాళ్ళే. ఇదీ చెప్పుకోవాలి.

గది వేడిని గదిలో ఉన్నవాడే సరిచేసుకోవాలన్న ఆలోచనకు కూడా ఒక చరిత్ర ఉంది. అమెరికాలో వారెన్ జాన్సన్ అని ఒక బడి పంతులు. చలికాలంలో తరగతి గది మరీ వేడెక్కినా, చల్లబడినా పాఠం మధ్యలో నౌకరు వచ్చి చూసి, నేలమాళిగకు వెళ్ళి సరిచేయాలి. ఈ బాధ పడలేక గది నుంచే కిందికి సంకేతం పంపే ఒక ఏర్పాటు కనిపెట్టి 1883లో పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటి థర్మోస్టాట్‌కు మూలపురుషుల్లో ఆయన ఒకడు. అధికారం నేలమాళిగ నుంచి గదిలోకి వచ్చిందన్నమాట. నూట నలభై ఏళ్ళ తరువాత మా అమ్మ దిగిన హోటల్లో ఆ అధికారం మళ్ళీ కిందికే పోయింది!

పెద్ద హోటళ్ళలో ఒకచోట నీటిని చల్లబరిచి గొట్టాల్లో గదులకు పంపుతారు. మన గదిలోని మీట ఆ నీటి కవాటాన్నీ, పంకా వేగాన్నీ మాత్రమే కదుపుతుంది. కొన్నిచోట్ల ఆ మీటకు కూడా పైనా కిందా హద్దులు పెట్టేస్తారు. కాబట్టి ముసలివాళ్ళతో, పసిపిల్లలతో వెళ్ళేటప్పుడు గది తీసుకోకముందే అడగండి: వేడి చలి మన గదిలోనే మార్చుకోవచ్చా? కిటికీ తెరుచుకుంటుందా? పంకా ఉందా? పడమటి వైపు, పై అంతస్తు గది వేసవిలో వద్దనండి. పగలు తెర దించి ఉంచండి. 16 పెడితే గది తొందరగా చల్లబడుతుందనుకోవడం సాధారణంగా పొరపాటే. యంత్రం ఆగే చోటు మాత్రమే మారుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. ఒక డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ చెబుతోంది. 2020 జనవరి నుంచి మన దేశంలో స్టార్ గుర్తున్న గది ఏసీలు 24తోనే మొదలవ్వాలన్న నియమం కూడా వచ్చింది. 26 పెట్టి పంకా మెల్లగా వేసుకుంటే చాలామందికి సరిపోతుంది.

ఇక మన సంఘం సంగతి. మన పెద్దలు యాత్రికుల కోసం ఇచ్చిపోయిన పాత సత్రాన్ని కొత్తగా కట్టాలని అనుకుంటున్నాం. ముంగిలిని కప్పేసి, తిన్నె తీసేసి, మొత్తం ఏసీ గదులు వేద్దామని ఒక పటం తయారైంది. గదులు ఎక్కువ వస్తాయి, ఆదాయం వస్తుంది, నిజమే. ఇప్పటి పిల్లలు ఏసీ లేకుండా దిగరు, అదీ నిజమే. మదురై ఎండలు కూడా తాతల నాటి ఎండలు కావు. ఏసీ వద్దని నేననడం లేదు.

పాతదంతా మంచిదనీ అనడం లేదు. చాలా సత్రాల్లో తిన్నె మీద చోటు అందరికీ దొరికేది కాదు. పంక్తికో కులం, గదికో కులం. ఇంట్లో మనలాగే తెలుగు మాట్లాడే అరుంధతీయులు ఆ చల్లని నీడకు బయట ఎండలోనే నిలబడ్డారు. కొత్త సత్రంలో ఆ పాత గోడ ఒక్కటి కూడా లేవకూడదు.

నేను అడిగేది ఇంతే. ముంగిలిని ఆకాశానికి తెరిచే ఉంచుదాం. వీధి తిన్నె ఉంచుదాం. మిద్దెకు తెల్ల సున్నం కొడదాం. ప్రతి గదికీ తెరుచుకునే కిటికీ, పంకా. ఏసీ ఉన్న గదిలో దాని రిమోట్ దిగినవాళ్ళ చేతికే ఇద్దాం, ఆఫీసు గదిలో తాళం వేసి కాదు. వంద రూపాయలు తక్కువ వచ్చినా పర్వాలేదు, మన సత్రంలో దిగిన ఏ ముసలి తల్లీ అర్ధరాత్రి చలికి వణుకుతూ ఎవరినో బతిమాలుకోకూడదు.

మంగమ్మ కట్టించిన సత్రానికి రైలొచ్చాక కూడా పని ఉండింది, ఎందుకంటే అది దారిన వచ్చేవాడి అవసరం చూసి కట్టింది. మనది కూడా అలా ఉండాలని నా ఆశ. వచ్చే సర్వసభ్య సమావేశంలో పటం మీద మాట్లాడేటప్పుడు ఈ నాలుగు మాటలూ గుర్తుంచుకోండి. మీ ఇంట్లో సత్రాల్లో దిగిన పెద్దవాళ్ళుంటే, ఎక్కడ పడుకునేవారో, ఎండకు ఏం చేసేవారో అడిగి రాయండి. వాళ్ళు ఉండగానే అడగండి.

మా అమ్మను కూడా సమావేశానికి తీసుకొస్తున్నాను. ఆమెకు తిన్నె మీదే కుర్చీ వేయండి.